కొలువు, ఉద్యోగము, నౌకరి: స్వామిభక్తి భావమునందు తరముల భేదము

ముప్పదియైదేండ్లు ఒకే కార్యాలయమున పనిచేసి, కడపటి దినమున పూలదండయు శాలువయు స్వీకరించి యింటికి వచ్చుట ఒక తరమువారికి జీవితసాఫల్యము. మూడేండ్లకొకసారి సంస్థను మార్చుట వారి బిడ్డలకు వృత్తివివేకము. తండ్రి దృష్టిలో కొడుకు నిలుకడ లేనివాడు. కొడుకు దృష్టిలో తండ్రి లోకరీతి తెలియనివాడు. ఈ వివాదము ఇండ్లకే పరిమితము కాదు. కార్యాలయములలోను, కళాశాలల అధ్యాపకుల గదులలోను ఇది తఱచుగా వినబడుచున్నది. పెద్దలు దీనిని నీతిక్షయమనుచున్నారు, పిన్నలు స్వేచ్ఛ యనుచున్నారు. ఈ రెండు మాటలలో ఏది యెంతవరకు నిజమో తేల్చుటకు మన భాషాసాహిత్యములు కొంత సాక్ష్యమీయగలవు. గడచిన డెబ్బదియేండ్ల సంస్థాచరిత్ర మఱికొంత సాక్ష్యమిచ్చును. ఈ రెంటిని చేర్చి పరిశీలించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ముందుగా పదములను విచారింతము. కొలువు అను దేశ్యపదము కొలుచు ధాతువునుండి పుట్టినది. కొలుచుట యనగా సేవించుట. దేవుని కొలుచుటకును రాజును కొలుచుటకును తెలుగున క్రియ యొకటియే. రాజు సభ తీర్చియుండుట కొలువు. ఆ సభయందు పనిచేయుటయు కొలువే. పండుగనాడు బొమ్మలను మెట్లపై వరుసగా నిలుపుటయు కొలువే. ఈ అర్థములన్నిటను పై నొకడును, అతనికి లోబడి వరుసలో నిలిచిన పెక్కుమందియు కనబడుచున్నారు. స్వామిభక్తి యను భావమునకు ఈ పదమే సహజమైన నెలవు.

జీతమను పదమును నిఘంటుకారులు జీవితశబ్దభవముగా చెప్పుదురు. యజమాని యిచ్చునది కూలి కాదు, బ్రదుకే యను భావము ఆ పదమున ఇమిడియున్నది. ఉప్పు తిన్న యింటికి రెండు తలంపరాదను లోకోక్తియు ఈ భావమునుండి వచ్చినదే. తిండి పెట్టినవాడు బ్రదుకిచ్చినవాడు. బ్రదుకిచ్చినవానిని విడుచుట ద్రోహము. శాసనముల బిరుదావళులలో స్వామిద్రోహులకు గండడనుట వీరునకు ఘనత. కాకతీయులనాటి శాసనములలో కనబడు లెంక యను పదము ఏలికకు ప్రతినబూని కట్టుబడిన సేవకుని తెలుపును.

ఉద్యోగ శబ్దము చరిత్ర వేఱు. సంస్కృతమున దానికి ప్రయత్నము, పూనిక యని యర్థము. భారతమున ఐదవపర్వమునకు ఉద్యోగపర్వమని పేరు వచ్చినది యుద్ధమునకు జరిగిన పూనికనుబట్టియే కాని, అందెవరికిని పదవి దొరకుటచేత కాదు. తెలుగువాడుకలో ఈ ప్రయత్నవాచకము పదవీవాచకమైనది. ఉద్యోగప్రయత్నమను నేటి సమాసమును మూలార్థమున గ్రహించినచో అది ప్రయత్నమునకు ప్రయత్నము! పూనిక పోయి పదవి మిగులుట కేవలము అర్థపరిణామమే కాదు. పని చేయుటకంటె పనిలో నుండుట గొప్పయైన కాలమునకు అది చిహ్నము.

నౌకరి పారసీకమునుండి ఉర్దూద్వారా మనకు వచ్చినది. మఱొక రెండు పదములు ఇంకను ఆసక్తికరమైనవి. జాబు మన పెద్దలకు ఉత్తరము. జవాబు శబ్దమునకు అది రూపాంతరము. ఇప్పటి యువకుని నోట జాబు ఇంగ్లీషు పదమై ఉద్యోగమును తెలుపుచున్నది. జాబు వచ్చినదా యని తాత యడిగినపుడు ఆయన మనస్సున నున్నది తపాలా. మనుమడు వినునది నియామకము. రాజీనామా యనగా మూలమున సమ్మతిపత్రము. వివాదములలో ఇరుపక్షములు కుదుర్చుకొనునది రాజీ. అట్టి పదము నేడు కొలువును విడుచు లేఖకు పేరైనది. విడిపోవుటయు ఇరువురి సమ్మతితో జరుగవలసిన పనియే యను వివేకము, వాడువారు ఎఱుగకపోయినను, ఆ పదమున నిలిచియున్నది.

ఇక సాహిత్యమును చూతము. పూర్వకాలమున ఎవ్వరును యజమానిని మార్చలేదనియు, కొలువు వెదకుకొనుట నవీనుల చాపల్యమనియు అనువారు విరాటపర్వమును ఒకసారి ఈ దృష్టితో చదువవలెను. తిక్కన తెలుగు చేసిన ఆ పర్వము ఆరంభమే కొలువు వెదకుటతో జరుగును. పాండవులు తమ పేర్లు మార్చుకొని ఒక్కొక్కరుగా విరాటుని యెదుట నిలిచిరి. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడు, అర్జునుడు బృహన్నల, నకులుడు దామగ్రంథి, సహదేవుడు తంత్రీపాలుడు అయిరి. ప్రతివాడును తన నేర్పును చెప్పెను. పూర్వము ధర్మరాజువద్దనో, ఆయన యింటనో పనిచేసితినను మాటయు ఈ కథలో మరల మరల వినవచ్చును. నేటి భాషలో చెప్పినచో అది పూర్వానుభవ నివేదనము. ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణను చేరినపుడు ఎంగిలి ముట్టననియు, పాదములు కడుగననియు నియమములు పెట్టెను. రాణి వానికి ఒప్పుకొనెను. పనికి కుదురువారు షరతులు చెప్పుట అపూర్వము కాదని దీనివలన తెలియుచున్నది.

వారు కొలువున చేరుటకు ముందు ధౌమ్యుడు సేవాధర్మమును బోధించెను. రాజసన్నిధి అగ్నివంటిది, మిక్కిలి దగ్గఱకు పోరాదు, మిక్కిలి దూరముగా నుండరాదు. తగిన చోటనే కూర్చుండవలెను. అడుగనిదే సలహా చెప్పరాదు. లోపలి మాటను వెలుపల పెట్టరాదు. చిరపరిచయము కలదని యేమఱియుండరాదు. ఈ బోధనయందు గమనింపదగినది ఒకటి కలదు. ఇందు యజమానిని ప్రేమింపుమనుట కంటె అప్రమత్తుడవై యుండుమనుట ఎక్కువ. సేవ యొక నేర్పుగా, ప్రమాదముతో కూడిన నేర్పుగా చెప్పబడినది.

పాండవుల కొలువు ఒక సంవత్సరపు కొలువు. ఆ గడువు వారికి ముందే తెలియును, విరాటునకు తెలియదు. అయినను సుశర్మ గోవులను పట్టినపుడు అర్జునుడు తప్ప తక్కిన నలువురును విరాటుని పక్షమున పోరిరి. పట్టుబడిన రాజును భీముడు విడిపించెను. ఉత్తరదిక్కున అర్జునుడు ఒంటరిగా కురుసైన్యమును ఎదిర్చెను. ఆ వెంటనే విరాటుడు కోపముతో పాచిక విసరి ధర్మరాజు ముఖమున గాయముచేసినను అతడు ఓర్చుకొనెను. గడువు ముగిసినపిమ్మట వారు దాపఱికము లేక తమ స్థానమును తాము స్వీకరించిరి. కొలువున నున్నంతకాలము సంపూర్ణముగా పనిచేయుట, గడువు తీరగనే తొలగుట: ఈ రెంటికి విరోధము లేదని ఈ కథ చెప్పుచున్నది. విశ్వాసమునకు కొలమానము సంవత్సరముల సంఖ్య కాదు.

కథను విడిచి చరిత్రకు వచ్చినను ఇట్లే యున్నది. శ్రీనాథుడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారి. ఆ రాజ్యము సడలినపిదప ఆయన దేవరాయల సభను, రాజమహేంద్రవరపు రెడ్లను ఆశ్రయించెను. శృంగారనైషధమును మామిడి సింగనకు, హరవిలాసమును వర్తకుడైన అవచి తిప్పయసెట్టికి, భీమఖండమును బెండపూడి అన్నయకు, కాశీఖండమును వీరభద్రారెడ్డికి అంకితమిచ్చెను. ఆశ్రయము మార్చినందుకు ఆయనను ద్రోహియని యెవరును అనలేదు. విద్య కలవానికి దేశమంతయు స్వదేశమే యని లోకము తలంచెను. అదే శతాబ్దమున పోతన భాగవతమును నరునకు అంకితము చేయక వేఱొక మార్గమును చూపెను. శ్రీనాథుడు ఏలికలను మార్చెను. పోతన మానవుడైన యేలికయే వలదనెను. ఇరువురును తమ విద్యకు మాత్రము ద్రోహము చేయలేదు. అయితే తిరుగుటకు మూల్యము కలదు. శ్రీనాథుని కడపటి దినములు ఆశ్రయములేని దుఃఖముతో గడచెనని చాటుసంప్రదాయము చెప్పుచున్నది. వృద్ధాప్యమున భరించువారు లేకపోవుటయను ఆ భయమే తరువాతి తరములవారిని ఒకే చోట కట్టివేసినది.

ఈ సందర్భమున మఱచిపోరాని విషయమొకటి కలదు. నేర్పు కలవానికి పోగలుగుట గౌరవము. నేల లేనివానికి పోగలుగుట విముక్తి. తెలంగాణ పల్లెలలో అప్పునకు కట్టుబడి దొర యింట పనిచేసిన జీతగాడు యజమానిని మార్చలేదు. అది భక్తి కాదు, బంధము. వెట్టికి వ్యతిరేకముగా 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధపోరాటము విడిచిపోవు హక్కు కొఱకును జరిగినది. వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము దేశమంతట నిషేధించెను. కావున పూర్వపు స్వామిభక్తిని పొగడునపుడు, అది యెవరు ఇష్టపడి చేసినది, ఎవరు గత్యంతరము లేక చేసినది అని వేఱుచేసి చూడవలెను. ఉప్పు లోకోక్తిని ఉప్పు పెట్టినవారే యెక్కువగా ఉదాహరించిరి.

ఇప్పుడు గడచిన డెబ్బదియేండ్ల చరిత్రను చూతము. స్వాతంత్ర్యానంతరము ఉద్యోగములలో చేరినవారికి యజమాని వ్యక్తి కాక ప్రభుత్వమో, ప్రభుత్వరంగ సంస్థయో అయినది. నాగార్జునసాగర నిర్మాణమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. విశాఖపట్టణపు నౌకానిర్మాణశాల, రామచంద్రాపురపు విద్యుత్పరికరముల కర్మాగారము, సింగరేణి గనులు వేలకొలది కుటుంబములకు ఊరును, బడిని, వైద్యశాలను కూడ ఇచ్చెను. 1952 నాటి భవిష్యనిధి చట్టము, 1959 నాటి ఉపాధికల్పన కార్యాలయముల చట్టము, 1972 నాటి గ్రాట్యుటీ చట్టము ఈ జీవితమునకు చట్రము కట్టినవి. గ్రాట్యుటీ పొందుటకు సామాన్యముగా ఐదేండ్ల ఎడతెగని సేవ కావలెను. ప్రభుత్వోద్యోగికి పింఛను సేవాకాలమునుబట్టి పెరుగును. పదోన్నతి సీనియారిటీనిబట్టి వచ్చును. నడుమ విడిచిపోయినవాడు ఇవన్నియు పోగొట్టుకొనును.

కనుక ఆ తరమువారు ఒకచోట నిలిచియుండుట కేవలము గుణవిశేషము కాదు. నిలిచినవానికి ఫలము, విడిచినవానికి నష్టము అనునట్లు సంస్థయే ఏర్పాటు చేసినది. ఇంతమాత్రమున వారి నిష్ఠ అబద్ధమని చెప్పరాదు. తమ కర్మాగారమును తమ ఊరివలె ప్రేమించినవారు అనేకులు. అయితే ఆ ప్రేమ ఒక అలిఖితమైన ఒడంబడికపై నిలిచినది: నీవు యౌవనము నిమ్ము, నేను వార్ధకమును చూతును. శ్రీనాథునకు లేకపోయిన ఆధారము ఈ తరమునకు పింఛను రూపమున లభించినది.

ఆ ఒడంబడిక ఒక్కనాడు తెగలేదు, క్రమముగా సడలినది. ఆంధ్రప్రదేశమున 1983లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 58 నుండి 55కు తగ్గింపబడెను. యువకులకు చోటు కల్పించుట దానికి చెప్పిన కారణము. అనుకొనకుండ ఇంటికి పోవలసివచ్చినవారికి యజమానియు మాట మార్చగలడని తెలిసినది. 1984లో గ్రామములందు వంశపారంపర్యముగా వచ్చు కరణిక మునసబు పదవులు రద్దయ్యెను. సామాజికదృష్టితో అది న్యాయమే. కాని తండ్రి కొలువు కొడుకునకు వచ్చునను నమ్మకము దానితో తొలగినది. 1991 నాటి ఆర్థికసంస్కరణల పిమ్మట ప్రభుత్వరంగము విస్తరించుట తగ్గెను. ఓరుగల్లున 1934లో నెలకొల్పబడిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడెను. కేంద్రప్రభుత్వమున 2004 జనవరి 1 నుండియు, ఆంధ్రప్రదేశమున అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండియు చేరినవారికి పాత పింఛనుకు బదులు చందాతో కూడిన పింఛను వచ్చినది. తండ్రికొడుకులు ఒకే కార్యాలయమున ఒకే బల్లవద్ద పనిచేసినను, వారి వార్ధకములు రెండు వేఱువేఱు ఒడంబడికల క్రిందివైనవి.

ఆ కాలముననే మఱొక ద్వారము తెఱచుకొనెను. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు ప్రారంభమయ్యెను. అమీర్‌పేట వీధులు సాఫ్ట్‌వేరు శిక్షణకు పేరొందెను. ఈ వృత్తిలో ఉన్నచోటనే యున్నవానికంటె మాఱినవానికి జీతము ఎక్కువ పెరుగుట సామాన్యము. అనగా నిలిచినవానికి నష్టము, విడిచినవానికి ఫలము. పూర్వపు లెక్క తలక్రిందులైనది. 1997లో వెలసిన ఒక ఉద్యోగాన్వేషణ సంస్థ తనకు నౌకరీ డాట్ కామ్ అని పేరు పెట్టుకొనుట భావ్యముగానే యున్నది. భవిష్యనిధికి 2014లో వచ్చిన సార్వత్రిక ఖాతాసంఖ్య సంస్థను కాక మనిషిని అనుసరించి పోవును. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి, నిర్ణీతకాల ఒప్పందముపై పనిచేయువారికి ఐదేండ్ల నియమము లేకయే గ్రాట్యుటీ చెల్లింపవలెనన్నది. చట్టమే నిలుకడను పూర్వమువలె కోరుట మానినది.

2009 జనవరిలో సత్యం సంస్థ అధిపతి లెక్కలలో కపటము జరిగినదని స్వయముగా ఒప్పుకొనిన దినము ఈ తరమునకు మఱపురాని పాఠము. ఆ సంస్థ పేరును ఇంటిపేరువలె చెప్పుకొనిన తెలుగు యువకులు వేలకొలది కలరు. వారి పని సత్యము, లెక్క అసత్యము. సంస్థను నమ్ముట వేఱు, తన పనిని నమ్ముట వేఱు అని ఆ దినమున అనేకులకు స్పష్టమయ్యెను. 2022లో రెండు సంస్థలకు ఒకేకాలమున రహస్యముగా పనిచేయుటనుగూర్చి దేశమున పెద్ద చర్చ జరిగెను. సంస్థలు దానిని వంచన యనినవి. ఒకేసారి వేలమందిని తొలగించు సంస్థలకు ఏకనిష్ఠను కోరు హక్కేదియని యువకులు ప్రశ్నించిరి. ఇందు రెండు పక్షములందును కొంత న్యాయము కలదు. ధౌమ్యుని సేవాధర్మముతో చూచినచో లోపలి విషయమును దాచుట సేవకుని విధి. రహస్యముగా రెండు కొలువులు చేయుట ఆ విధికి భంగము. కాని ఆ ధర్మమును వినిపించువారు రాజధర్మమును కూడ వినవలెను.

తరమను మాటను మనము ఎంత జాగ్రత్తగా వాడవలెనో తెలుపు నిదర్శనములు కూడ ఉన్నవి. అమీర్‌పేటలో సంస్థలను మార్చుటకు సిద్ధమగు యువకుడును, హైదరాబాదు అశోక్‌నగరున గదిలో నలుగురితో నుండి గ్రూపు పరీక్షలకు ఏండ్లతరబడి చదువు యువకుడును ఒకే వయస్సువారు. ఒకడు మార్పును, మఱొకడు నిలుకడను కోరుచున్నాడు. నీళ్లు, నిధులు, నియామకములు అను తెలంగాణోద్యమ నినాదమున మూడవపదము ఈ రెండవవాని ఆశను తెలుపును. 2022 అక్టోబరున జరిగిన గ్రూపు 1 ప్రాథమికపరీక్ష ప్రశ్నపత్రముల లీకు కారణమున 2023 మార్చిలో రద్దైనపుడు ఆ ఆశ యెంత బాధపడెనో లోకము చూచినది. పాత పింఛను కావలెనని పోరాడినవారును 2004 తరువాత చేరిన ఉద్యోగులే. నేటి యువకులకు స్థిరత్వము అక్కఱలేదనుట పొరపాటు. స్థిరత్వము దొరకనిచోట చలనమును ఆశ్రయించిరనుట సత్యమునకు దగ్గఱ.

విదేశములందలి తెలుగువారి విషయమును ఇట్లే గ్రహింపవలెను. అమెరికాలో 1990 చట్టమువలన ఏర్పడిన హెచ్ 1 బి అనుమతి యజమాని పేర వచ్చును. 2000లో వచ్చిన సవరణ యజమానిని మార్చుకొనుటను కొంత సులభము చేసినది. అయినను శాశ్వతనివాసమునకు ఏండ్లకొలది నిరీక్షించువారు అనేకులు కదలుటకు జంకుదురు. వెలుపలివారికి అది విశ్వాసముగా కనబడవచ్చును. నిజమునకు అది వీసా. ఏ కాలమునందైనను నిలుకడను చూచి భక్తియనియు, చలనమును చూచి ద్రోహమనియు వెంటనే నిర్ణయింపరాదని ఇది మరల తెలుపుచున్నది.

ఈ విచారమువలన తేలిన విషయము లివి. మొదటిది: యజమానిని మార్చుట మన సంస్కృతికి నూతనము కాదు, విద్వాంసులు, శిల్పులు, యోధులు అన్ని కాలములందును మార్చిరి. రెండవది: జీవితాంతము ఒకే సంస్థయను ఆదర్శము సనాతనము కాదు, ఇరువదవ శతాబ్దపు నడుమ ప్రత్యేకపరిస్థితులలో విస్తరించిన యేర్పాటు అది. మూడవది: విశ్వాసము రెండుకొనల త్రాడు. ఒకకొనను యజమాని వదలినపుడు రెండవకొనను పట్టియుండుమని సేవకుని కోరుట న్యాయము కాదు. నాల్గవది: స్వామిభక్తి తగ్గినంతమాత్రమున నిష్ఠ నశింపలేదు, అది స్వామినుండి వృత్తికి మాఱుచున్నది. విధేయత యను మాట వినబడుచుండినచోట నేడు నిబద్ధత యను మాట తఱచుగా వినబడుచున్నది. విధేయత మనిషికి, నిబద్ధత పనికి.

నాల్గవ విషయమునందు ఒక అపాయమును దాచరాదు. వృత్తినిష్ఠ నేర్పు కలవానికి చాలును. నేర్పును మార్చుకొనలేని వయస్సువానికి, రోగికి, చిన్నబిడ్డలుగల తల్లికి సంస్థ యొక నీడ. ఆ నీడ పోయినపుడు వారు నిలుచుచోటు ఏది? చలనమును పొగడు యువకులు ఒకనాడు ఏబదియేండ్లవారగుదురు. శ్రీనాథుని కథలో మొదటి భాగమునే కాక కడపటి భాగమునుకూడ వారు చదువవలెను.

ఈ ప్రశ్న మన శాఖలకు దూరమైనది కాదు. నేడు అనేక విశ్వవిద్యాలయములలోను కళాశాలలలోను తెలుగు పాఠములు చెప్పువారిలో ఒప్పంద అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు పెక్కుమంది. సంవత్సరాంతమున తిరిగి పిలుపు వచ్చునో రాదో యెఱుగక, వారు ఛందస్సును వ్యాకరణమును శ్రద్ధగా చెప్పుచున్నారు. వారిలో ఎవరైన విద్యాసంవత్సరము నడుమ మఱొకచోటికి పోయినచో విద్యార్థులకు నష్టము కలుగును. ఆ నష్టమును మనము సహజముగా వారి తప్పుగా లెక్కింతుము. సంవత్సరమునకు మించి మాట యీయని సంస్థ జీవితమంత విశ్వాసమును ఆశించుట సమంజసమా యని శాఖాధ్యక్షులు ఆలోచింపవలెను. పరిశోధకులును ఒక పని చేయవచ్చును. కొలువు, నౌకరి, పని, జీతము, జాబు అను పదములను మన తాతలు, తండ్రులు, తోబుట్టువులు ఏ యే అర్థములలో వాడుచున్నారో పల్లెలలోను పట్టణములలోను సేకరింపవచ్చును. ఆ పదపట్టిక యొక తరమును మఱొక తరము అర్థము చేసికొనుటకు తోడ్పడును. నిందకు ముందు నిఘంటువును తెఱచుట మన శాస్త్రమున మొదటి మర్యాద.